బన్నుల మీద మెరుపు

డాక్టరమ్మ ఫోనులో “పిండి మానేయండి” అన్నది. మా అన్నయ్యకు “బండి మానేయండి” అని వినపడింది.

తప్పంతా ఆయన చెవిదే అనడానికి లేదు. ఫోను మోగినప్పుడు ఆయన బట్టీ ముందున్నాడు. పక్కన పిండి కలిపే మిషను, పళ్లూడిన ముసలాడు శనగలు నమిలినట్టు గడగడలాడుతోంది. పైగా బేకరీ బట్టీ నడిపే మనిషిని పిండి మానేయమనడమంటే చేపను తడవకుండా బతకమనడమే. ఏ చెవి ఒప్పుకుంటుంది? ఆయన చెవి తనకు నచ్చిన మాట ఏరుకుంది.

మర్నాడే స్కూటరుకు ముసుగేసి మూలకు నెట్టాడు. నడకకని కొత్త బూట్లు కొన్నాడు. ఎర్రటి ఎండలో పిండి గిడ్డంగికి నడక, వెన్న దుకాణానికి నడక, పనేమీ లేకపోతే వీధి చివరిదాకా ఊరికే నడక. వారం తిరిగాక మా వదిన డాక్టరమ్మకు ఫోను చేసి, “బండి మానేశారండీ, ఇంకేమేం మానాలి?” అని వినయంగా అడిగింది. “బండి ఎవరు మానమన్నారు తల్లీ!” అని అటునుంచి వచ్చిన కేక, కింద బేకరీ గల్లా దగ్గరున్న నాకు కూడా వినపడింది.

అప్పటికే ఆయన కుడికాలి చిటికెన వేలికి పుండు పడింది. చెప్పు కరిస్తే చెప్పి కరుస్తుంది. బూటు చెప్పకుండా కరిచింది. షుగరున్న కాలు కదా, కరిచిన సంగతి ఆ కాలికే తెలియలేదు.

ఆ ఎండాకాలం అలా మొదలైంది. పైన సూర్యుడు, కింద బట్టీ, మధ్యలో మేం ముగ్గురం. ఎవరు ఎక్కువ మండారో ఇప్పటికీ చెప్పలేను. నన్నడిగితే నా పేరే ముందు రాయమంటాను.

మాది కింద బేకరీ, పైన ఇల్లు. బట్టీ అన్నయ్యది. గల్లా నాది. ఇల్లూ ఇంట్లో ఉన్న మా ఇద్దరి ఆకలీ వదినవి. నాకు పెళ్లి కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా నా మాటలు వినేసి వెళ్లిపోయారు. వీధిలో నన్ను ‘మైకు’ అంటారు. రొట్టె వేడిగా ఉందని నేను గల్లా దగ్గర అంటే చివరింటివాళ్లు మూతి ఊదుకుంటారని ఒక జోకు కూడా ఉంది. ఆ జోకు వేసింది నేనే.

మా నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. బట్టీ మాట మెట్లెక్కకూడదు. అంటే పిండిలో ఏం కలిపారు, ఎంత మాడింది, ఎంత పారేశారు అన్న మాటలేవీ ఇంట్లోకి రాకూడదు. నాన్నకూ అమ్మకూ ఆ మాటల మీదే రోజూ యుద్ధం జరిగేదట. నాన్న పోయినా ఆ కట్టుబాటు పోలేదు. గల్లా దగ్గరున్న నేను కూడా బట్టీ సంగతులు అడగను. అడిగితే అన్నయ్య, “నీ నోరు నీ గల్లా దగ్గర పెట్టుకో” అంటాడు.

ఇంకొక అలవాటు ఉంది. తెల్లవారగానే మొదటి వాయి బయటికి తీసి, అందులో ఒక రొట్టెను పెద్ద మేస్త్రీ, అంటే మా అన్నయ్య, కొనడానికి వచ్చినవాళ్ల ముందే విరిచి నములుతాడు. ఆయన తల ఊపాకే అమ్మకం. ఆ నాలుక అలాంటిది. ఒక్క ముక్క నమిలి “నిన్న ఉప్పు వేరే బస్తాలోది వాడారు” అనేవాడు. “పాలు తెచ్చేవాడు మారాడా?” అనేవాడు. మారే ఉండేవాడు. వీధిలో కొందరు రొట్టె కోసం కాక ఆ నాలుకను చూడ్డానికి వచ్చేవారు.

ఇప్పుడా మనిషిని రొట్టె ముట్టొద్దన్నారు. డాక్టరమ్మ పొద్దుటి తిండికి పద్ధతి చెప్పింది. రొట్టె వద్దు, బన్ను వద్దు, రస్కు వద్దు, బంగాళాదుంప వద్దు. రెండు గుడ్లు, ఇంత ఆకుకూర, కాసింత వెన్న. చాలా సులువు, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు అన్నది.

ఎవరైనా చేసుకోవచ్చు, మా వదిన తప్ప. ఆమెకు గుడ్డు వాసన పడదు. పచ్చిసొన వేలికి తగిలితే సాయంత్రందాకా చేయి దూరంగా పెట్టుకుని తిరిగే మనిషి. బేకరీ కుటుంబంలోకి వచ్చి ఇన్నేళ్లయినా గుడ్డు పగలగొట్టి ఎరగదు.

అందుకొక దారి కనిపెట్టింది. బన్నుల మీద పూతకు కావలసిన గుడ్లను సాయంత్రమే కింద పగలగొట్టి, గిలకొట్టి, ఒక స్టీలు క్యానులో పోస్తారు. కింద ఫ్రిజ్ నిండా వెన్నే కనుక ఆ క్యాను రాత్రికి మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంటుంది. పొద్దున బన్నుల వేళకు బట్టీ పనివాడు వచ్చి పట్టుకెళతాడు. ఆ లోపు వదిన పొడుగు కాడ గరిటెతో రెండు గరిటెలు తీసుకునేది. పగలగొట్టే పని లేదు, ముట్టుకునే పని లేదు.

ఆమె వంట చూడాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బ్యాంకు దోచుకోవడానికి వచ్చినట్టు పొయ్యి ముందు నిలబడేది. పెనం మీద వెన్న, సన్నగా తరిగిన ఉల్లిపాయ, గుప్పెడు పాలకూర. ఆకు వాడాక మొహం అటు తిప్పి గుడ్డు ఇటు పోసేది. పైన మిరియాల పొడి చల్లి, టపీమని మూత పెట్టి, కిటికీ దగ్గరికి పారిపోయేది. పళ్లెం అన్నయ్య ముందుకు తోసి, ఆయన ఆఖరి ముక్క మింగేదాకా కళ్లెర్రజేసి నిలబడేది.

“గుడ్లు పెడుతూ గుడ్లురిమే మనిషిని నిన్నే చూశాను వదినా” అన్నాను.

“మీ అన్నయ్య కాలు బాగయ్యేదాకా ఉరుముతూనే ఉంటాను. బాగవకపోతే పిడుగే” అన్నది.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. టిఫిను తిన్న రెండు గంటలకు వదిన వేలు గుచ్చి మీటరు చూసేది. అంకె దిగుతోంది. పుండు తగ్గుముఖం పట్టింది. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాం. రొట్టె మానమన్నారని గుర్తొచ్చి, పడితే పడింది, తినేవాళ్లు లేరన్నాను. వదిన కూడా నవ్వింది. ఆ కాలంలో ఆమె నవ్వడం అదే ఆఖరు.

అంతలో మాకెదురుగా అద్దాల షాపు తెరిచారు. నిలువెత్తు అద్దాలు, లోపల చల్లగాలి, గాజు అలమరలో బన్నులు. ఆ బన్నులు మెరిసేవి. మామూలుగా కాదు, నూనె రాసుకున్న పహిల్వాను గుండులా మెరిసేవి. మాకు రోజూ వచ్చే దర్జీ మా గుమ్మంలో నిలబడి, మెడ వెనక్కి తిప్పి వాటినే చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

“ఏం చూస్తున్నావయ్యా? అద్దంలో నీ మొహమా?” అన్నాను.

“కాదు మైకూ, వాళ్ల బన్ను మీద కూడా నా మొహం కనిపిస్తోంది” అన్నాడు.

ఆ మాట బట్టీదాకా వెళ్లింది. వారం తిరక్కముందే మా బన్నులు కూడా మెరవసాగాయి. బట్టీలో రెండో మనిషిని మేం నిప్పుకోడి అంటాం. పొడుగు మెడ, పొడుగు కాళ్లు, నిప్పు దగ్గర పని, ఇక వేరే పేరెందుకు? “ఏం పూస్తున్నార్రా?” అని వాణ్ని అడిగాను. వాడు మెడ ముడుచుకుని, “పెద్ద మేస్త్రీని అడుగు చిన్నయ్యా” అన్నాడు. పెద్ద మేస్త్రీ నన్ను గల్లా దగ్గరికి పొమ్మన్నాడు.

సరిగ్గా అప్పటినుంచే మీటరు మళ్లీ ఎక్కింది. పరగడుపున చూస్తే బుద్ధిమంతుడే. టిఫిను తిన్నాక చూస్తే కొండెక్కి కూర్చునేది. పుండు తడి తిరిగింది. వేలి చుట్టూ చర్మం రంగు మారింది.

డాక్టరమ్మ కట్టు విప్పి పుండు చుట్టూ నొక్కి చూసింది. తర్వాత వదినను అడిగింది.

“పొద్దున ఏం పెడుతున్నారమ్మా?”

“గుడ్లండీ.”

“గుడ్లతో?”

“పాలకూర. ఉల్లిపాయ.”

“గుడ్లకీ పాలకూరకీ ఇంత పెరగదమ్మా. మీరు పెట్టేది కాక ఇంకేదో లోపలికి పోతోంది. పెట్టేవాళ్లయినా నిజం చెప్పాలి, తినేవాళ్లయినా నిజం చెప్పాలి.”

వదిన మొహం పాలిపోయింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని వండే మనిషి, ఆ గదిలో దొంగలా నిలబడింది. నేను అన్నయ్యను చూశాను. అన్నయ్య తన వేలిని చూసుకుంటున్నాడు.

“ఇది ఇలాగే ఉంటే వేలు తీయాలి. ఆలస్యం చేస్తే వేలుతో ఆగదు. పాదం. అర్థమైందా?” అన్నది డాక్టరమ్మ.

అర్థమైంది. రొట్టె కాలితేనే మాకు బతుకు. కాలే లేకపోతే బట్టీ ముందు నిలబడేదెవరు? గల్లా దగ్గర కూర్చునే పని అన్నయ్యకు ఇస్తే వారంలో చచ్చిపోతాడు. బట్టీ పని నాకిస్తే కొనేవాళ్లు చచ్చిపోతారు.

ఇంటికి వచ్చాక వదిన గుమ్మం దాటకుండానే మొదలుపెట్టింది.

“కిందకెళ్లి రొట్టె మింగుతున్నారా?”

“మింగట్లేదు. నమిలి ఉమ్మేస్తున్నాను.”

“ఉమ్మేస్తే అంకె ఎలా పెరుగుతుందండీ? గాలికా?”

“తెలీదు.”

“అందరి నాలుకల సంగతీ మీకు తెలుసు. మీ నాలుక మీద ఏం పడిందో తెలీదా?”

అన్నయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఎదురు తిట్టినా నాకింత కోపం వచ్చేది కాదు. ఆ మౌనం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

నేను కడుపులో కోపం దాచుకునే రకం కాదు. గల్లా దగ్గర నిలబడి వీధి వీధంతా వినేలా తిట్టాను. “మా అన్నయ్య నాలుక బంగారం, ఆ బంగారాన్ని తాకట్టు పెట్టి కాలు అమ్ముకుంటున్నాడు” అన్నాను. ఆయన పళ్లెం ముందు కూర్చుంటే, “తిట్లు కూడా తిను అన్నయ్యా, తిట్లలో పిండిపదార్థం ఉండదు, కడుపునిండా తినొచ్చు” అన్నాను. ఆయన ముక్క తుంచుకుని, మెల్లగా నమిలి, కళ్లు మూసుకుని మింగేవాడు. గుడ్డును అంత భక్తిగా తినేవాణ్ని నేను చూడలేదు.

వీధికి సంగతి పూర్తిగా ఎక్కింది. సగంమంది బేకరీ ఆయన దొంగతనంగా రొట్టెలు తింటున్నాడన్నారు. తక్కిన సగం ఆవిడ ఏం పెడుతోందో ఎవరు చూశారన్నారు. ఈ రెండో మాట వదిన చెవిన పడింది. ఆరోజు మా ఇంట్లో రెండు గిన్నెలకు సొట్టలు పడ్డాయి.

ఇక లాభం లేదని గల్లా నిప్పుకోడికి అప్పగించి అన్నయ్యకు కాపలా కూర్చున్నాను. తెల్లారగట్ల బట్టీ రాజేసినప్పటినుంచి ఆయన నీడకు నేను నీడనయ్యాను. మొదటి వాయి రొట్టె విరిచాడు, నమిలాడు, నా కళ్లముందే బూడిద బకెట్లో ఉమ్మాడు. నోరు పుక్కిలించమన్నాను. పుక్కిలించాడు. నోరు తెరవమన్నాను.

“ఒరేయ్, నేనేమన్నా గుర్రాన్నా?”

“గుర్రమైతే కాలు విరిగితే కాల్చేస్తారు. తెరువు.”

తెరిచాడు. లోపల ఏమీ లేదు. మెట్లెక్కేటప్పుడు వెనకే ఉన్నాను. టిఫిను తినేటప్పుడు ఎదురుగా ఉన్నాను. స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి కబుర్లు చెప్పాను. నాకు తెలియకుండా ఆయన గొంతులోకి గాలి కూడా దిగలేదు.

రెండు గంటలయ్యాక వదిన వేలు గుచ్చింది. అంకె నిన్నటికంటే పైనుంది.

అప్పటిదాకా అన్నయ్య మీదున్న నా కోపం ఎటుపోవాలో తెలియక వంటింటివైపు తిరిగింది.

“రొట్టె తినలేదు వదినా. నేను సాక్షి. ఇక మిగిలింది నీ పెనమే.”

“అంటే?”

“అంటే ఏముంది? ఏం కలుపుతున్నావు?”

వదిన చేతిలో అట్లకాడ ఉంది. అది నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది.

“నేను కలుపుతున్నానా? కోడిగుడ్డుకు ఈకలు పీకే మరిదిని చూశాను కానీ, కోడిగుడ్డులో విషం వెతికే మరిదిని నిన్నే చూస్తున్నాను! రేపొద్దున వచ్చి నా నెత్తిన నిలబడు. కళ్లు తెరుచుకుని చూడు. ఆ నోరు మాత్రం మూసుకో!”

“వదిలెయ్‌రా” అన్నాడు అన్నయ్య మెల్లగా. “ఆమెనేమీ అనకు.”

“నువ్వు మాట్లాడకు!” అని నేనూ, “మీరు మాట్లాడకండి!” అని వదినా ఒకేసారి అరిచాం. ఆ రోజుకు మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మర్నాడు వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. వదిన నావైపు చూడలేదు. వెన్న వేసింది. ఉల్లిపాయ వేసింది. పాలకూర వేసింది. ఫ్రిజ్ తెరిచి, క్యాను మూత తీసి, మొహం తిప్పి రెండు గరిటెలు పోసింది. పోసీ పోయకముందే అంచులు ఎర్రబడి, చూస్తుండగానే ముదురు రంగుకు తిరిగాయి.

“చూశావుగా? మంట తగ్గించినా ఇంతే. ఈ మధ్య ఈ పెనం ఊరికే మాడుతోంది. కొత్తది కొనాలి” అన్నది తువ్వాల్లోంచి.

పళ్లెం బల్ల మీద పెట్టింది. అన్నయ్య చేయి చాచాడు. నేను ముందు లాక్కున్నాను. ఇందులో ఏముందో తేల్చేస్తానన్న కోపంతో పెద్ద ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

ముందు మిరియం తగిలింది. తర్వాత ఉల్లిపాయ. ఆ తర్వాత, నాలుక వెనక, మెల్లగా తీపి.

ఇంకో ముక్క వేసుకున్నాను. తీపే.

“తియ్యగా ఉంది” అన్నాను.

“నీకు పిచ్చా?” అన్నది వదిన.

“తియ్యగా ఉంది వదినా.”

ఆమె నన్ను చూసింది. నేను నవ్వులాటకు అనలేదని తెలిసినట్టుంది. తువ్వాలు కిందికి లాగింది. క్యానులో చూపుడువేలు ముంచింది. పచ్చిసొన కారుతున్న ఆ వేలిని నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించడం కూడా మరిచిపోయింది.

అదే సమయానికి నిప్పుకోడి తలుపులోంచి మెడ పెట్టాడు. “అమ్మా, క్యాను.”

“ఇందులో ఏముంది?” అన్నది వదిన.

“గుడ్లమ్మా.”

“ఇంకా?”

వాడు అన్నయ్యవైపు చూశాడు. అన్నయ్య బల్లవైపు చూస్తున్నాడు.

“బట్టీ మాట మెట్లెక్కకూడదు కదమ్మా...”

“నువ్వు ఎక్కి వచ్చావుగా! నీతోపాటే ఎక్కింది, చెప్పు!”

“పంచదార పాకం అమ్మా. చిక్కటి పాకం. అద్దాల షాపు వచ్చాక పెద్ద మేస్త్రీ కలపమన్నాడు. అదుంటేనే బన్ను మీద మెరుపొస్తుంది.” వాడి కళ్లు పెనం మీద పడ్డాయి. పెనం మీంచి పళ్లేనికి, పళ్లెం మీంచి అన్నయ్య కాలికి వెళ్లాయి. “అయ్యో” అన్నాడు. “దీంతోనా అమ్మా నువ్వు...”

నాకు వేరే లెక్క తగిలింది. ఉప్పు బస్తా మారితే పట్టే నాలుక. పాలవాడు మారితే పట్టే నాలుక. రోజూ ఈ పళ్లెం ఖాళీ చేసిన నాలుక.

“అన్నయ్యా, నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“పాకం కలపమన్న మర్నాడే.”

వదిన పొయ్యి కట్టేసింది. “తెలిసి నాకెందుకు చెప్పలేదు?”

“నీకు తెలుసనుకున్నాను.” అన్నయ్య గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. “క్యాను ఇంట్లోనే ఉంటుంది కదా. నువ్వు చూసే ఉంటావు, కావాలనే అందులోంచి పోస్తున్నావు అనుకున్నా. అన్నీ మాన్పించేశారు, పాపం పొద్దున ఒక్క ముక్కయినా తీపి పోనీలే అని... నామీద జాలిపడి పెడుతున్నావు అనుకున్నా. అడిగితే మానేస్తావని అడగలేదు.”

“డాక్టరమ్మ ముందైనా?”

“అక్కడ చెబితే నిన్ను అంటుందని.”

మా వదిన ఇన్నేళ్ల కాపురంలో భర్తను ‘మీరు’ అనే పిలిచింది. గిన్నెలు విసిరినా ‘మీరు’ అనే విసిరింది.

“నువ్వు” అన్నది. ఆగింది. అన్న మాట తన చెవులకే కొత్తగా తగిలినట్టుంది. మళ్లీ అన్నది. “నువ్వు నన్ను కాపాడావా? నేను దొంగచాటుగా నీకు పంచదార పెడుతున్నాననుకుని, దానికి ప్రేమని పేరు పెట్టుకుని, రోజూ నమిలి మింగావా? నీ కాలు కుళ్లుతుంటే చూస్తూ కూడా పెట్టేదాన్నని అనుకున్నావా? నేను అలాంటిదాన్నా నీకు?”

“అది కాదు...”

“అదే! నేను వాసన భరించలేక కిటికీలో తలపెట్టి ఏడిస్తే, నువ్విక్కడ కళ్లు మూసుకుని తీపి తిన్నావు. వీధిలో నన్ను దొంగన్నారు. వీడు నన్ను దొంగన్నాడు.” నావైపు చేయి చూపింది. “వీడికి తెలియదు. వీడి నోటికీ బుర్రకీ దారి లేదు. నీకు తెలుసు!”

క్యాను ఎత్తి తూములో ఒంపేసింది. ఆరోజు మా బన్నులు మెరవలేదు. నిప్పుకోడి గుడ్ల అట్ట పైకి తెచ్చి ఇచ్చి చప్పుడు చేయకుండా దిగిపోయాడు. వదిన ఒక్కొక్కటే పగలగొట్టింది. మొదటిది పెంకుతో సహా గిన్నెలో పడింది. రెండోది చీర మీద పడింది. నేను సాయానికి వెళితే చేసిన చూపుకు వెనక్కి వచ్చేశాను. మూడోదీ నాలుగోదీ కుదిరాయి. వండి పళ్లెం పెట్టి, ఆయన తినేదాకా నిలబడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మీటరు వెంటనే దిగింది. వేలికి మాత్రం అప్పటికే ఆలస్యమైంది. ఆ వారమే తీసేశారు. “పాదం దక్కింది, సంతోషించండి” అన్నది డాక్టరమ్మ. సంతోషించడానికి ప్రయత్నించాను. నాకు చేతకాలేదు. చేతకానితనం చేతిది కదా, ఇది కాలి సంగతి. ఇలాంటి మాట ఏదో ఆస్పత్రి వరండాలో పైకే అన్నాను. వదిన తల తిప్పి చూసింది. మిగతాది మింగేశాను.

పరామర్శకు వీధంతా ఆస్పత్రికి కదిలివచ్చింది. ముందు దర్జీ వచ్చాడు. మంచం పక్కన కూర్చుని నిట్టూర్చి, “రొట్టె మీద ఆశ అంత పని చేసిందన్నమాట” అన్నాడు.

అన్నయ్య అటు తిరిగి పడుకోబోయాడు. వదిన స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

“చెప్పండి” అన్నది. మళ్లీ ‘మీరు’కు వచ్చింది కానీ, ఆ ‘మీరు’ బల్లెంలా ఉంది.

“ఏం చెప్పను?”

“ఏం జరిగిందో. ఆయన అడుగుతున్నాడుగా.”

అన్నయ్య చెప్పాడు. క్యాను సంగతి, గరిటె సంగతి, ఆమెకు తెలియని సంగతి, తనకు తెలిసిన సంగతి. అడ్డదారులు తొక్కబోతే వదిన “అది కాదు, ముందునుంచి” అనేది. దర్జీ వెళ్లాక పాలు తెచ్చేవాడు వచ్చాడు. “చెప్పండి.” పక్కింటి పంతులమ్మ వచ్చింది. “చెప్పండి.” కట్టు మార్చడానికి వచ్చిన నర్సు ఏమిటీ గొడవని అడిగింది. “ఆమెకూ చెప్పండి.” నేను మధ్యలో దూరి కథ అందుకోబోతే, “నువ్వు కాదు. వీధిలో నువ్వు చెప్పిన కథ చాలు. ఆయన నోటితోనే రావాలి” అన్నది.

చెప్పగా చెప్పగా ఆ కథ అరిగి అరిగి చిన్నదైంది. సాయంత్రానికి అందులో సాకులేమీ మిగల్లేదు.

చివరికి అద్దాల షాపాయన వచ్చాడు. మేం పిలవలేదు. ఎదురెదురు దుకాణాలు కదా, రాకపోతే బాగుండదని వచ్చినట్టున్నాడు. కాసేపు నేల చూసి, కాసేపు కట్టు చూసి, “ఏవేవో అంటున్నారండీ వీధిలో. అసలేం జరిగింది?” అన్నాడు.

అన్నయ్య నావైపు చూశాడు. సంగతి నాకర్థమైంది. ఈయనకు నిజం చెప్పాలంటే మెరుపెక్కడిదో చెప్పాలి. ఏ పనివాడూ ఎదుటి దుకాణం వాడికి చెప్పడు. నేను లేచి, “అవన్నీ ఇప్పుడెందుకు లెండి, ఆయన అలిసిపోయాడు” అన్నాను.

వదిన నన్ను పట్టించుకోలేదు. అన్నయ్యనే చూస్తోంది. ఈసారి చెప్పమని కూడా అనలేదు.

అన్నయ్య దిండుకు ఆనుకుని పైకి జరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

“మూడు గరిటెల గుడ్డుకి ఒక గరిటె పాకం కలిపించానండీ, మీ బన్నులు చూసి. ఆ గుడ్డుతోనే మా ఆవిడ నాకు ఆమ్లెట్ వేసింది. ఆమె తెలియక పెట్టింది. నేను తెలిసి తిన్నాను.”